చదవలేని అక్షరం దగ్గర మొదలుపెట్టండి: జావో వూ-కీ దారిలో అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ వెయ్యడం ఎలా

అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ (చెట్టో మనిషో అని గుర్తుపట్టేలా కాకుండా గీత, రంగులతోనే నడిచే బొమ్మ) నేర్చుకోవాలనుంది, ఏం కొనమంటారు అని ఎవరైనా అడిగితే ప్రస్తుతానికి ఏమీ కొనకండి అనే చెబుతాను. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ మోజు పట్టినవాళ్ళలో చాలామంది ఓ కాన్వాసు, నాలుగు యాక్రిలిక్ ట్యూబులు తెచ్చుకుని, యూట్యూబ్‌లో చూసినట్టు రంగు ఒంపేసి, అటూ ఇటూ వంచి, ఆరాక గోడకి తగిలించేస్తున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ పది ఇళ్ళలో పది బొమ్మలు చూస్తే ఏది ఎవరిదో చెప్పలేం, ఎందుకంటే వేసినవాళ్ళ చెయ్యి అందులో ఎక్కడా తగల్లేదు, రంగు తనకి తోచినట్టు పారింది, అంతే.

ఇంకో దారి ఉంది. అది చైనా కాలిగ్రఫీ నుంచి, అంటే కుంచెతో అక్షరం రాసే సాధన నుంచి వచ్చిన దారి. అందులో అందరికంటే దూరం వెళ్ళినాయన జావో వూ-కీ, చైనాలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన చిత్రకారుడు. ఆయన జీవితం జరిగిన వరసనే సిలబస్‌గా పెట్టుకోవచ్చు, అందుకే ముందు ఆ వరస చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1920లో బీజింగ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు తాతగారి దగ్గర కుంచెతో అక్షరాలు దిద్దాడు. 1935లో, ఇంకా మీసం సరిగ్గా రాని వయసులో, హాంగ్‌ఝౌ ఆర్ట్ స్కూల్లో చేరాడు. ఆ స్కూలు నడిపిన లిన్ ఫెంగ్‌మియాన్ ఫ్రాన్స్‌లో చదువుకొచ్చిన చిత్రకారుడు కాబట్టి ఒకపక్క చైనా సిరా, ఇంకోపక్క పారిస్ నూనె రంగులు, రెండూ పిల్లల కళ్ళబడేవి. (ఇదే స్కూలు నుంచి వచ్చిన చూ తే-చున్ కూడా తర్వాత పారిస్ చేరి అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలతోనే పేరు తెచ్చుకున్నాడు, జావో నచ్చితే ఆయన బొమ్మలు కూడా వెతికి చూడండి.) 1948లో జావో ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు, పారిస్‌లో దిగిన రోజే లూవ్ర్ మ్యూజియానికి వెళ్ళాడని చెబుతారు. 1951లో స్విట్జర్లాండ్‌లో పాల్ క్లే అనే చిత్రకారుడి బొమ్మలు చూశాడు, చిన్న చిన్న గుర్తులతో నిండిన బొమ్మలవి, ఒక గీత దేన్నీ చూపించకుండా కూడా నిలబడగలదని అక్కడ ఆయనకి బోధపడింది. కొన్నాళ్ళు క్లే నీడలోనే ఉన్నాడు, ఆ మాట విమర్శకులూ అన్నారు.

అసలు మలుపు 1954లో. అప్పటికి అందరికీ తెలిసిన చైనా అక్షరాలను పక్కనపెట్టి, షాంగ్ రాజుల కాలంలో, అంటే మూడు వేల ఏళ్ళ కిందట, ఎద్దు ఎముకల మీదా తాబేలు డిప్పల మీదా గీరిన అక్షరాల దగ్గరకి వెళ్ళాడు. పాత కంచు పాత్రల మీది లిపి కూడా. చదువుకున్న చైనావాళ్ళక్కూడా అవి చూడగానే అర్థమయ్యేవి కావు. వాటిని పోలిన గుర్తుల్ని, కొన్ని నిజంవి, కొన్ని తనే కల్పించినవి, నూనె రంగుల్లో తేలించాడు. ఆ ఏడాది వేసిన ‘గాలి’ అనే బొమ్మ పారిస్‌లోని పాంపిదూ సెంటర్‌ సేకరణలో ఉంది. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళలో ఆ గుర్తులు విరిగి, చెదిరి, చివరికి అక్షరం పోయి అక్షరం రాసే ఊపు మాత్రం మిగిలింది. ఆ దశాబ్దం చివరికి బొమ్మలకి పేర్లు పెట్టడం కూడా మానేసి, పూర్తయిన తేదీనే పేరుగా పెట్టడం మొదలుపెట్టాడు.

ఇంకో విషయం. ఇన్నేళ్ళూ ఆయన సిరా జోలికి దాదాపు వెళ్ళలేదు. సిరా పట్టుకుంటే ‘అదుగో చైనా సరుకు’ అని ఒకే గాటన కట్టేస్తారని భయం. 1971లో భార్య మే జబ్బు ముదిరి పెద్ద కాన్వాసుల మీద మనసు నిలవని రోజుల్లో, కవి మిత్రుడు ఆన్రీ మిషో పోరగా పోరగా మళ్ళీ కాగితం మీద సిరాతో వెయ్యడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు ఆవిడ పోయింది, సిరా మాత్రం చివరిదాకా ఆయనతోనే ఉంది. 2013లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూశాడు.

వరస గమనించారుగా. ముందు చెయ్యి కుదిరింది, తర్వాత సొంత భాషలోని అతి పాత అక్షరం దొరికింది, ఆ తర్వాత ఆ అక్షరం కరిగింది. మనవాళ్ళు ఆఖరి మెట్టు మీద మొదలుపెడుతున్నారు. ఇంకొందరు చైనా అక్షరాలు ఇంటర్నెట్‌లో చూసి దింపేస్తారు, దానికి అర్థమేంటో కూడా తెలీకుండా, టీషర్టు మీద అచ్చేసినట్టు. రెండూ వద్దు. చైనావాళ్ళ దగ్గర కుంచె పట్టడం నేర్చుకుందాం, అక్షరం మాత్రం మనదే తీసుకుందాం.

మొదటి పని నీళ్ళతో. చైనా పార్కుల్లో తెల్లారి పెద్దవాళ్ళు పొడుగాటి కర్ర కుంచెలు నీళ్ళలో ముంచి నేల మీద రాస్తుంటారు, ఎండకి అది ఆరిపోతుంది, మళ్ళీ రాస్తారు. మనకి అరమారలకి వేసే నల్ల కడప బండ ముక్క ఒకటి చాలు, రాళ్ళ షాపులో మిగులు ముక్క అడిగితే కారుచౌకగా ఇస్తారు. దాని మీద తడి కుంచె పెడితే గీత నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది, కాసేపటికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట అయితే అక్షరం పూర్తయ్యేలోపే మొదలు మాయమైపోతుంది కాబట్టి పొద్దున్నే కూర్చోండి. కాగితం దండగవుతుందన్న టెన్షన్ ఉండదు, బాగా వచ్చిందని దాచుకునే అవకాశమూ ఉండదు. ఈ రెండో సంగతే ముఖ్యం. మొదటి రోజుల్లో దాచుకోవడం మొదలైతే చెయ్యి బిగుసుకుంటుంది.

కుంచె సంగతి. మన ఊరి స్టేషనరీ షాపుల్లో దొరికే చదును కుంచెలు దీనికి పనికిరావు, గుండ్రంగా ఉండి, బొడ్డు లావుగా, మొన సన్నగా ఉన్నది కావాలి. చైనా కుంచెలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి: మేక వెంట్రుకలది మెత్తగా ఉండి నీళ్ళు బాగా పట్టుకుంటుంది, ‘తోడేలు’ అని రాసి అమ్మేది నిజానికి వీజల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుకలది, గట్టిగా ఉండి నొక్కి వదిలితే మళ్ళీ నిటారుగా లేస్తుంది. మొదట రెండూ కలిపి చేసిన రకం కొనండి, మధ్యస్థంగా ఉంటుంది. పెద్ద సైజే తీసుకోండి. చిన్న కుంచెతో వేళ్ళు మాత్రమే కదులుతాయి. కొత్త కుంచె మొన జిగురుతో గట్టిపడి ఉంటుంది, దాన్ని విరగ్గొట్టకుండా చల్లటి నీళ్ళలో నాననిచ్చి కరగబెట్టాలి. పని అయ్యాక సబ్బు లేకుండా మామూలు నీళ్ళతో కడిగి, మొన కిందకి ఉండేలా వేలాడదియ్యండి. తడి కుంచెకి ప్లాస్టిక్ మూత పెట్టారంటే, మన గాలిలో ఉండే చెమ్మకి, వారంలో బూజు.

సిరాకి మొదట బాటిల్ చాలు. సిరా కడ్డీని రాతి మీద అరగదీసుకోవడం గొప్ప అనుభవమే, మసి, జంతువుల జిగురు కలిపి చేసిన కడ్డీ అది, దాని వాసనే వేరు, కానీ ఆ ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్న డ్రాయింగ్ ఇంక్ ఈ కుంచెకి తగలనివ్వకండి, అందులో సాధారణంగా లక్క లాంటి బంక ఉంటుంది, వెంట్రుకల మొదట్లో గట్టిపడి కుంచెని చంపేస్తుంది. కాలిగ్రఫీ సిరా దొరక్కపోతే నల్ల పోస్టర్ కలర్ నీళ్ళు కలిపి వాడుకోండి, అందం తగ్గుతుంది, చెయ్యి మాత్రం కుదురుతుంది.

కాగితం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం బొమ్మ అదే వేస్తుంది. చైనావాళ్ళ షువాన్ కాగితం ఆన్హుయ్ రాష్ట్రంలో ఒక రకం చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేస్తారు. అందులో పచ్చిది ఉంటుంది, సిరా పడగానే పీల్చేసి పాకిపోతుంది. పటిక, జిగురు పట్టించినది ఉంటుంది, దాని మీద సిరా నిలబడుతుంది. ఈ తేడా చేతికి తెలియాలంటే షువాన్ కోసం ఆర్డరు పెట్టి ఎదురుచూడక్కర్లేదు. పొందూరు ఖాదీ ముక్క ఒకటి సంపాదించి, సగం బాగా ఉతికి ఆరేసి, మిగతా సగానికి గంజి పెట్టి ఆరబెట్టండి. రెండింటి మీదా ఒకే కుంచెతో ఒకే వేగంతో గీత గీయండి. గంజి పెట్టిన చోట అంచు కత్తిరించినట్టు నిలుస్తుంది, ఉతికిన చోట సిరా నూలు పోగులు పట్టుకుని పక్కకి పాకిపోతుంది, ఆ పాకడం ఎంతసేపు సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చుంటే టైమే తెలీదు. కుంచె ఆగిన ప్రతి చోటా మరక పెద్దదవుతుంది. అంటే మీరు ఎక్కడ తటపటాయించారో బట్ట చెప్పేస్తుంది. రోజువారీ సాధనకి మాత్రం పాత న్యూస్‌పేపర్లు చాలు, అచ్చు పడిన కాగితం కాబట్టి భయమూ ఉండదు.

ఇప్పుడు గీత. నిటారుగా కూర్చోండి, వీలైతే నిలబడండి. కుంచె నిలువుగా ఉండాలి, పెన్నులా వాలకూడదు. మణికట్టు, మోచెయ్యి రెండూ బల్లకి ఆనకూడదు, కదలిక భుజం నుంచి రావాలి. ఇది కొత్తగా ఉందా? తెల్లారి వాకిట్లో నడుం వంచి చుక్కలు పెట్టి ముగ్గు లాగే ఆవిడ చెయ్యి చూడండి, అది దేనికీ ఆనదు, గాల్లోనే తిరుగుతుంది, పిండి ఒకే లావున జారుతుంది. ఇంట్లో అమ్మో అత్తో ముగ్గు బాగా వేస్తుంటే కుంచె ముందు వాళ్ళ చేతికిచ్చి చూడండి, మగవాళ్ళు ముఖ్యంగా.

అడ్డగీత ఒక్కటి సరిగ్గా వస్తే పని సగం అయినట్టే. కుడివైపుకి వెళ్ళాల్సిన గీతని ముందు కొంచెం ఎడమకి మొదలుపెట్టండి, మొన దాక్కుంటుంది. అక్కడ నొక్కి, తిప్పి, కుడికి బయల్దేరండి. మధ్యలో కొద్దిగా పైకి లేపినట్టు తేలిగ్గా వెళ్ళండి. చివర ఆగి, మళ్ళీ నొక్కి, వచ్చిన దారినే కొంచెం వెనక్కి వచ్చి ఎత్తండి. గీత రెండు కొసలూ గుండ్రంగా, ఎముక లోపల ఉన్నట్టు గట్టిగా రావాలి. సరిచూసుకోవడం తేలిక: పల్చటి కాగితం వెనక్కి తిప్పండి. మొన గీత నడిమధ్యలో నడిచి ఉంటే వెనకవైపు మధ్యలో నలుపు చిక్కగా దిగి ఉంటుంది. ఒక అంచు నున్నగా, ఇంకో అంచు చిరిగినట్టు ఉంటే కుంచె పక్కకి వాలిందని అర్థం. చైనా పిల్లలు ‘యోంగ్’ అనే ఒక్క అక్షరంతో ఎనిమిది రకాల కుంచె గీతలు సాధన చేస్తారు, చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం, ఇలా. ఆ ఎనిమిదీ ఓసారి నేర్చుకోండి, వీడియోలు బోలెడు ఉన్నాయి.

కానీ మన అక్షరానికి అక్కరకొచ్చేది వాళ్ళ ముద్రల మీద వాడే పాత లిపి, సీల్ స్క్రిప్టు. అందులో గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు, మలుపులన్నీ గుండ్రం, కోణాలు తక్కువ. తెలుగు చెయ్యికి ఇంతకంటే దగ్గరి చుట్టం లేదని నా అభిప్రాయం, మామూలు చైనా లిపితో మొదలుపెట్టిన తెలుగువాళ్ళు కొక్కేల దగ్గరే అలిసిపోవడం చూశాను. సున్నా రాయండి. ఒకే చుట్టులో తిప్పితే సగం దూరం వెళ్ళేసరికి కుంచె మెలిపడి గీత బలహీనమవుతుంది. సీల్ స్క్రిప్టులో రెండు ముక్కలుగా రాస్తారు: పై నడిమి నుంచి ఎడమగా కిందకి ఒక సగం, మళ్ళీ పై నుంచి కుడిగా ఇంకో సగం, రెండూ కలిసిన చోటు కనపడకుండా. అలా సున్నా కుదిరాక ‘ఠ’, ‘ర’, ‘గ’, ఆ తర్వాత మీ ఇష్టం. తలకట్టు ఒక చిన్న నొక్కు, ఒక ఎగుర్పు, దానికి రోజులు పడుతుంది. ‘ళ’ మాత్రం మొదట్లో ముట్టుకోకండి, అది ఉసూరుమనిపిస్తుంది.

గుండ్రటి గీత చేతికొచ్చాక ఒక పొద్దున్న శ్రీముఖలింగం వెళ్ళండి. శ్రీకాకుళం జిల్లా, వంశధార ఒడ్డు, గాంగ రాజుల కాలం గుళ్ళు, రాళ్ళ మీద శాసనాలు. అది కుదరకపోతే శ్రీకూర్మం, శ్రీకాకుళానికి దగ్గర, అక్కడి స్తంభాల మీదా శాసనాలున్నాయి. పాత తెలుగు అక్షరం చూస్తే ఒక తమాషా జరుగుతుంది: ఏదో తెలిసిన ముఖంలా అనిపిస్తుంది, కానీ పేరు నోటికి రాదు. జావోకి ఎముకల మీది లిపి చేసిపెట్టిన పని ఇదే. అర్థం అనే అడ్డం తొలగిపోతే కన్ను ఆకారం మీదకి వెళ్తుంది, ఉలి ఎక్కడ లోతుగా దిగింది, ఎక్కడ జారింది, ఏ అక్షరం పక్కదాన్ని తోసింది అన్నీ కనిపిస్తాయి. ఎండ ఏటవాలుగా పడే వేళ చూస్తే గాట్లలో నీడ నిలిచి అక్షరాలు బాగా తేలుతాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ కనపడవు. ఫొటోలకి గుళ్ళో అడిగి, అనుమతి ఉన్న చోటే తీసుకోండి. సుద్ద పులమడం, నూనె రాయడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం ఏదీ చెయ్యొద్దు, శాసనాల మీద తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తియ్యడం పురావస్తు శాఖ వాళ్ళ పని. అలాంటి అచ్చుల ఫొటోలు పుస్తకాల్లో దొరుకుతాయి, నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. చైనాలో కాలిగ్రఫీ నేర్చుకునేవాళ్ళూ ఇలాంటి రాతి అచ్చుల్నే ఎదురుగా పెట్టుకుని దిద్దుతారు.

ఇంటికొచ్చి ఒకే ఒక్క అక్షరం ఎంచుకోండి. మొదట ఉన్నదున్నట్టు. తర్వాత అదే అక్షరం కాగితం నిండా, తర్వాత బాగా చిన్నగా, తర్వాత అంచు దాటి బయటికి పోయేలా. తర్వాత దాని గీతల మధ్య దూరం పెంచండి. తర్వాత గీతల వరస ఉంచి, జాగా మార్చండి. ఒక దశలో చూసేవాడికి అక్షరం పోతుంది, మీ చేతికి మాత్రం ఇంకా గుర్తుంటుంది. అక్కడ ఉండండి కొన్నాళ్ళు, తొందరేం లేదు. ఎండు కుంచెతో వేగంగా లాగితే గీతలో తెల్లటి చారలు వస్తాయి, చైనావాళ్ళు దాన్ని ఎగిరే తెలుపు అంటారు, అది ఒక్కసారి వచ్చిందంటే మనుషులు దానికి బానిసలైపోయి బొమ్మ నిండా అదే వేస్తారు, కాబట్టి జాగ్రత్త.

ఈ దశలో ఇంటికొచ్చినవాళ్ళు “ఏటమ్మా ఇది, సిరా ఒలికిపోనాదేటి?” అంటారు. అవునండీ అని చెప్పి టీ ఇవ్వండి.

రంగులకి ఎప్పుడు వెళ్ళాలి? నీళ్ళు కలిపిన సిరాలో నాలుగైదు మెట్ల బూడిద రంగులు మీ ఇష్టప్రకారం రప్పించగలిగినప్పుడు. జావో నూనె రంగుని టర్పెంటైన్‌తో పల్చగా చేసి, సిరా పారినట్టు పారించి, దాని మీద చిక్కటి రంగు, సన్నటి గీతలు వేసేవాడు. అందుకే ఆయన కాన్వాసు మధ్యలో గాలీ వెలుగూ ఉన్నట్టుంటుంది, గీతలు గుంపుగా ఒకచోట కొట్టుకుంటుంటే మిగతా చోటు ఖాళీగా ఊపిరి పీలుస్తుంటుంది. ఆయన బొమ్మలు ఫోన్లో చూసేటప్పుడు మొత్తం బొమ్మ చూసి దాటేయకుండా, ఒక మూల పెద్దది చేసి, ఏ గీత ముందు, ఏది తర్వాత అని వెతకండి. ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పే సింగపూర్‌లోని ఒక భవనం కోసం అడిగి వేయించుకున్న ‘జూన్-అక్టోబర్ 1985’ మూడు పలకల బొమ్మ పది మీటర్ల పొడవు ఉంటుంది. అది 2018లో హాంగ్‌కాంగ్ వేలంలో 51 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకి పోయింది. ధర సంగతి అలా ఉంచి, అంత పొడవు మీద చెయ్యి ఆడించాలంటే మోచెయ్యి బల్లకి ఆనించి నేర్చుకున్న విద్య పనికిరాదని మాత్రం గమనించండి. టర్పెంటైన్ వాడితే కిటికీలు తీసి ఉంచండి, ఏసీ గదిలో వద్దే వద్దు. ఇంట్లో పసిపిల్లలుంటే సిరాతోనే ఉండిపోండి, నష్టమేమీ లేదు.

బొమ్మలకి ‘విరహం’, ‘ఆత్మఘోష’ లాంటి పేర్లు పెట్టకండి, దయచేసి. వెనక పెన్సిల్‌తో తేదీ వేసి, ఏ అక్షరం నుంచి వచ్చిందో రాసుకోండి. నచ్చనివి కూడా కొన్నాళ్ళు ఉంచండి, ఆర్నెల్లకి మళ్ళీ తీసి చూస్తే అభిప్రాయం మారుతుంది, రెండు వైపులకీ. సిరా పడ్డ పల్చటి కాగితం ముడతలు పడుతుంది, కంగారుపడక్కర్లేదు: సిరా పూర్తిగా ఆరాక బొమ్మ బోర్లా పెట్టి, వెనక నీళ్ళు చిమ్మి, పల్చటి మైదా జిగురుతో ఇంకో కాగితం అంటించి, అంచులు బల్లకి అతికించి ఆరనిస్తే బిగుసుకుని చదునవుతుంది. పోస్టర్ కలర్‌తో వేసినవాటికి ఈ పని చెయ్యకండి, నీళ్ళకి కరిగిపోతుంది. జిగురులో కాస్త పటిక కలిపితే పురుగు తొందరగా పట్టదు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు పెట్టించండి, వానాకాలం చెమ్మకి కాగితం అద్దానికి అతుక్కుపోతే ఇక ఊడదు. షాపువాడు లామినేషన్ చేసేస్తాను, తక్కువలో అయిపోతుంది అంటాడు. ఒప్పుకోకండి.